వాగు నీటి లెక్కలు నెలనెలా ఊళ్లోకి వచ్చేదాకా: ఒక కేస్ స్టడీ

పర్యావరణ సమాచారం రాబట్టుకోవడంలో పంచాయతీలకు, రైతు సంఘాలకు సాయపడే పనిలో వచ్చిన కేసు ఇది. తెలంగాణలో ఒక పారిశ్రామికవాడకు దిగువన మూడు ఊళ్లు, వాటిని ఒరుసుకుంటూ పోయే వాగు, ఆ వాగు కలిసే చెరువు. ఊళ్ల పేర్లు, కార్యాలయం, మనుషులు, పోల్చుకోవడానికి వీలిచ్చే తేదీలు తీసేశాం. అడిగి సమాచారం తెచ్చుకోవడం ఒక పని. అడక్కుండానే ప్రభుత్వం ప్రతి నెలా చెప్పేలా చేయడం ఇంకో పని. మొదటిది 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అవుతుంది. రెండోదానికి చట్టంలో దారి ఉంది గానీ అది నేరుగా కనపడదు.

నేపథ్యం

ఎగువన బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు), రసాయన యూనిట్లు. దిగువన వాగులో మోటార్లు వేసుకుని వరి, కూరగాయలు పండించే రైతులు, చెరువును నమ్ముకున్న మత్స్య సహకార సంఘం. ఈ నీళ్లను కొలిచేవాళ్లకు కొదవ లేదు. వాగు నీటి నమూనాను కాలుష్య నియంత్రణ మండలి జాతీయ నీటి నాణ్యత పర్యవేక్షణ కార్యక్రమం కింద నెలకోసారి తీస్తుంది. బోర్ల నీటిని భూగర్భ జల శాఖ వానలకు ముందు, తర్వాత పరీక్షిస్తుంది. నల్లా నీళ్లను తాగునీటి విభాగం చూసుకుంటుంది. పెద్ద యూనిట్లలో వ్యర్థజలాలు బయటికొచ్చే అవుట్‌లెట్ దగ్గర ఆన్‌లైన్ మీటర్లున్నాయి. ఇన్ని కొలతల్లో ఊరివాళ్ల కంటపడేది ఒక్కటీ లేదు.

చెప్పాల్సిన బాధ్యత చట్టాల్లో లేక కాదు. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం సెక్షన్ 17 ప్రకారం నీటి కాలుష్య సమాచారాన్ని సేకరించడంతో పాటు వ్యాప్తి చేయడం కూడా రాష్ట్ర మండలి విధి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(2) ఎవరూ అడక్కుండానే, క్రమం తప్పని వ్యవధుల్లో సమాచారం ఇవ్వమంటుంది. సెక్షన్ 4(4) స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిలో ఇవ్వమంటుంది. చిక్కు ఎక్కడంటే, ఈ రెండు చట్టాల్లోనూ ‘నెలకోసారి’ అని గానీ ‘ఫలానా తేదీలోగా’ అని గానీ లేదు. తేదీలున్న చోట్లు వేరే. నీటి చట్టం సెక్షన్ 39 కింద మండలి వార్షిక నివేదిక ఆర్థిక సంవత్సరం ముగిసిన 4 నెలల్లో ప్రభుత్వానికి, 9 నెలల్లో శాసనసభకు చేరాలి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టులు ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి షరతుల అమలు నివేదికలు ఇవ్వాలి. అవి ప్రజా పత్రాలని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది, తాజా నివేదికను వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా. వార్షిక నివేదిక మండలి పనితీరు లెక్క, అర్ధ సంవత్సర నివేదిక యూనిట్ చెప్పుకునే లెక్క. వాగు ఈ నెల ఎలా ఉందన్నది ఈ రెండింట్లోనూ దొరకదు.

వచ్చిన సమస్య

రైతులు చెప్పింది సూటిగా ఉంది. ఎండాకాలంలో కొన్ని రోజులు వాగులో నురగ, ఘాటు వాసన. ఆ నీళ్లు పారించాలా మోటారు ఆపాలా అన్నది ఆ వారమే తేల్చుకోవాలి. వెబ్‌సైట్‌లో ఉన్నది నిరుటి వార్షిక పట్టిక, స్కాన్ చేసిన పీడీఎఫ్, ఇంగ్లీషులో. స్టేషన్ పేరు ఎదురుగా కనిష్ఠం, గరిష్ఠం, సగటు. నెలల వివరం లేదు.

వార్షిక సగటు వాగును ఎలా దాచేస్తుందో లెక్కేసి చూపిస్తేనే ఊరివాళ్లకు కూడా స్పష్టమైంది. బీఓడీ అంటే నీటిలోని సేంద్రియ మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్, అది ఎంత ఎక్కువైతే నీళ్లు అంత చెడ్డవి. ఉదాహరణకు ఎనిమిది నెలలు బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు, నాలుగు నెలలు 18 అనుకుందాం. సగటు 8 వస్తుంది. పారకం మానేయాల్సిన నాలుగు నెలలూ ఆ ‘8’లో మాయం. గరిష్ఠం గడిలో 18 ఉంటుంది గానీ అది ఒక్క నెలదా నాలుగు నెలలదా, ఏ నెలదా తెలీదు. వానాకాలం వరద నీళ్లు కలిసి సగటు ఎలాగూ తగ్గుతుంది.

అందుకే కోరాల్సింది మొదటే తేల్చుకున్నాం: గత నెల లెక్క ఈ నెలలో, తెలుగులో, పంచాయతీ దగ్గర. ఫ్యాక్టరీ మూయించడం, పరిహారం ఈ కేసులో కలపలేదు. కలిపితే అధికారులు ప్రతి కాగితాన్నీ కోర్టు కాగితంగా చూస్తారు, మామూలుగా ఇచ్చేది కూడా ఆగిపోతుంది. ఊళ్లో కొందరికి ఇది నచ్చలేదు. వాళ్ల అసంతృప్తిలో న్యాయం ఉంది. అయినా రెండు పనుల్ని విడదీయడమే సరైందని ఇప్పటికీ మా అభిప్రాయం.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మా దగ్గరకు రాకముందే ఊరివాళ్లు ఫిర్యాదు పెట్టారు. బృందం వచ్చింది, నమూనా తీసింది, ప్రమాణాల లోపే ఉందని తేలింది. ఇందులో ఎవరి తప్పూ వెతకనక్కర్లేదు. సీసాలో పట్టిన నమూనా ఆ నిమిషం నీటినే చెబుతుంది. నురగ వచ్చింది రాత్రి, బృందం వచ్చింది నాలుగో రోజు పగలు. పైగా ఫిర్యాదు ఒక్క సంఘటనకే జవాబు తెస్తుంది. నెలనెలా చెప్పే ఏర్పాటు దాంతో రాదు.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ‘వాగు నీటి వివరాలు ప్రజలకు ఎందుకు తెలపడం లేదు? కాలుష్యం పెరుగుతోందా తగ్గుతోందా?’ అని ఊరి యువకులు రాశారు. ‘ఎందుకు’ అనేది సమాచారం నిర్వచనంలోకి రాదని జవాబొచ్చింది. ఇంకోసారి ‘ఐదేళ్ల నెలవారీ పోలిక పట్టిక ఇవ్వండి’ అంటే అలాంటి పట్టిక తమ దగ్గర తయారై లేదన్నారు. చట్టప్రకారం ఆ జవాబు నిలుస్తుంది. లేని సమాచారాన్ని సమకూర్చి, లెక్కగట్టి ఇవ్వాల్సిన పని లేదని ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్న కాగితాన్ని దాని పేరుతో అడగాలి.

పేరుతో అడగాలంటే నమూనా వాగు దగ్గర్నుంచి వెబ్‌సైట్ దాకా ఏ కాగితాల మీదుగా నడుస్తుందో తెలియాలి. నమూనా తీసినచోట ఫీల్డ్ డేటా షీటు రాస్తారు: స్టేషన్ కోడు, తేదీ, సమయం, నీటి రంగు, వాసన, వాతావరణం. కరిగిన ఆక్సిజన్ కోసం విడిగా ఒక సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడ్ ద్రావణాలు అక్కడికక్కడే కలుపుతారు. అలా స్థిరపరచకపోతే ల్యాబ్‌కు చేరేలోపు అంకె మారిపోతుంది. కోలిఫాం (మురుగు కలిసిందని సూచించే బాక్టీరియా) పరీక్షకు వేడిచేసి శుద్ధి చేసిన సీసా వేరు. మిగతాది ఐసుపెట్టెలో వెళ్తుంది. ల్యాబ్‌లో నమూనా అందిన రిజిస్టరు, ఆపైన విశ్లేషణ నివేదిక. బీఓడీ మన దగ్గర 27 డిగ్రీల వద్ద 3 రోజుల పరీక్ష కాబట్టి, కోలిఫాంతో కలిపి వారం రోజుల్లో నివేదిక చేతికి రావచ్చు. అక్కడి నుంచి అంకెలు కంప్యూటర్ పట్టికలోకి ఎక్కుతాయి. అంటే నెలవారీ లెక్క నెలనెలా తయారవుతూనే ఉంది. గడపదాటి బయటకు రావడానికే ఏడాది పైన పడుతోంది.

ఈ కాగితాల పేర్లతోనే కొత్త దరఖాస్తు రాశాం. ఇక్కడ ఇంకో నిర్ణయం: వాగు నీటి నివేదికలకు ఒక దరఖాస్తు, ఫ్యాక్టరీల అవుట్‌లెట్ నివేదికలకు మరొకటి. రెండూ ఒకే దరఖాస్తులో అడిగితే ఫ్యాక్టరీలను ‘మూడో పక్షం’గా చూపి సెక్షన్ 11 కింద నోటీసులిస్తారు. గడువు 30 రోజుల నుంచి 40కి జరుగుతుంది, సెక్షన్ 8(1)(డి) కింద వాణిజ్య రహస్యమనే వాదనా వస్తుంది. వాగు ఎవరి వ్యాపార రహస్యమూ కాదు, అక్కడ మూడో పక్షమే లేదు. అనుకున్నట్టే వాగు దరఖాస్తుకు గడువులోగా జవాబొచ్చింది. రెండోది మొదటి అప్పీలు దాకా వెళ్లింది.

రికార్డుల తనిఖీ

నకళ్లతో పాటు సెక్షన్ 2(జె) కింద రికార్డుల పరిశీలన కోరాం. మొదటి గంటకు ఫీజు లేదు. ముగ్గురు వెళ్లారు: పట్టిక చదవగలిగిన ఒకరు, రాసుకునే ఒకరు, వాగు గట్టు వెంట ప్రతి మలుపూ తెలిసిన రైతు ఒకరు. మూడో మనిషి లేకుంటే అసలు విషయం దొరికేది కాదు. ఫీల్డ్ షీటులో స్టేషన్ పేరు ‘ఫలానా ఊరి దగ్గర వంతెన’ అనే ఉంది, పక్కన అక్షాంశ రేఖాంశాలున్నాయి. ఆ అంకెల్ని ఫోన్‌లో కొట్టి చూసిన రైతు, “సార్, ఇది పాత వంతెన. వాడ నుంచొచ్చే మోరీ దీనికి కిందనే కదా కలిసేది” అన్నాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొత్త వంతెన దిగువన కట్టారు. స్టేషన్ పాత చోటే ఉండిపోయింది. వాడ నీళ్లు కలవకముందే తీసిన నమూనాలు బాగుండటంలో ఆశ్చర్యం లేదు. ఎవరూ కుట్ర చేయలేదు. స్టేషన్ పెట్టిన రోజుల్లో అది సరైన చోటే. స్థలం అచ్చులో ఉండి ఉంటే ఊరివాళ్లు మొదటి నెలలోనే పట్టుకునేవారు.

ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. పరికరం పట్టగలిగే స్థాయికన్నా తక్కువున్నప్పుడు ల్యాబ్ ‘బీడీఎల్’ అని రాస్తుంది. పట్టికలో ఎక్కించేటప్పుడు దాన్ని ఒక చోట సున్నా చేశారు, ఒక చోట ఖాళీ వదిలేశారు. సున్నా వేస్తే సగటు పడిపోతుంది, ఖాళీ వదిలితే పెరుగుతుంది. రెండోది, కొన్ని నెలల వరుసలే లేవు. వాగు ఎండిపోయి నమూనా తీయలేదా, వాహనం దొరక్క తీయలేదా, తీసినది ల్యాబ్‌లో పాడైందా తెలీదు. పన్నెండు నెలల సగటు అని అచ్చయిన అంకె నిజానికి తొమ్మిది నెలలది.

నీటి చట్టం సెక్షన్ 25(6) కింద మండలి ఉంచాల్సిన రిజిస్టరును కూడా అదే రోజు చూడమని అడిగాం. ఏ అవుట్‌లెట్‌కు ఏ షరతులు పెట్టారన్నది అందులో ఉంటుంది. ఆ అవుట్‌లెట్ వల్ల ప్రభావితమైన ఎవరైనా పనివేళల్లో చూడొచ్చు. దీనికి సమాచార హక్కు దరఖాస్తు కూడా అక్కర్లేదు. చాలామంది వాడని హక్కు ఇది.

తప్పుదారి, సరైన దారి

ముందు జాగ్రత్తగా వేసిన మరో అడుగు వృథా అయింది. సెక్షన్ 4 పాటించడం లేదని ఊరి సంఘం అప్పటికే రాష్ట్ర సమాచార కమిషన్‌కు సెక్షన్ 18 కింద ఫిర్యాదు పంపింది. సెక్షన్ 18 కింద కమిషన్ జరిమానా వేయగలదు, సమాచారం ఇమ్మని ఆదేశించలేదు. మణిపూర్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు ఇది తేల్చింది. ప్రచురణ ఆదేశం కావాలంటే సెక్షన్ 19 అప్పీలు దారిలోనే రావాలి. అక్కడ సెక్షన్ 19(8)(ఎ) కింద ‘ఫలానా సమాచారాన్ని ప్రచురించండి’ అని ప్రభుత్వ సంస్థను ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. కాబట్టి ‘వాగు స్టేషన్ నెలవారీ ఫలితాలను స్వచ్ఛందంగా ప్రచురించిన వివరాల నకలు’ అని ఒక అంశం అడిగాం. ‘అలాంటివి లేవు’ అన్న జవాబు మీద 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోపు రెండో అప్పీలు వేశాం. అప్పీలులో ‘న్యాయం చేయండి’ అని వదిలేయకుండా కావాల్సిన ఆదేశాన్ని మాటకు మాట రాసి, నమూనా పట్టిక జతచేశాం. సెక్షన్ 4 అమలును కమిషన్లు నిరంతరం గమనించాలని కిషన్ చంద్ జైన్ కేసులో 2023లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను కూడా ఉదహరించాం.

కమిషన్‌లో వంతు రావడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా ప్రాంతీయ కార్యాలయంతో మాట్లాడటం మేలనుకున్నాం. ఫలితమిచ్చింది ఇదే, అయితే అప్పీలు దాఖలై ఉండటం దీనికి బలం. బల్ల మీద నమూనా పట్టిక పెట్టి ‘మీ కంప్యూటర్‌లో ఉన్న పన్నెండు గళ్లను ఇందులోకి ఎక్కించడమే’ అన్నప్పుడు ఇంజనీర్ల అభ్యంతరం పని భారం మీద లేదు. వాళ్ల భయం రెండు విషయాల మీద: అంకె బయటికెళ్తే ఊళ్లో గొడవ, రేపు కోర్టులో అదే అంకె తమ మెడకు. మొదటిదానికి ప్రతి అంకె పక్కన ప్రమాణం అచ్చువేయడమే మందు. బీఓడీ 6 అన్న అంకె విడిగా భయపెడుతుంది. స్నానానికి పనికొచ్చే ‘బి’ తరగతికి 3 దాటకూడదు, చేపలకు వర్తించే ‘డి’ తరగతిలో కరిగిన ఆక్సిజన్ 4కు తగ్గకూడదు, సాగునీటి ‘ఇ’ తరగతిలో విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన లవణాలకు గుర్తు) 2250 మైక్రోసీమెన్స్ దాటకూడదు అని పక్కనే ఉంటే ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు చదువుకుంటారు. రెండో భయానికి కాగితం కింద ఒక వాక్యం: ఇది నెలలో ఒక్కసారి తీసిన నమూనా ఫలితం, తాగునీటి ధ్రువీకరణ కాదు. ఆ వాక్యం రైతులకూ అవసరమే. వాగు పట్టిక చూసి బోరు నీళ్లు తాగొచ్చని అనుకునేవాళ్లు ఉంటారు.

చివరికి కుదిరిన కాగితం

ఒక ఏ4 పేజీ, తెలుగులో. పైన స్టేషన్ పేరు, అక్షాంశ రేఖాంశాలు, మోరీ కలిసే చోటుకు ఎంత ఎగువన లేదా దిగువన ఉందో మీటర్లలో. నమూనా తీసిన తేదీ, గంట. కింద పీహెచ్, కరిగిన ఆక్సిజన్, బీఓడీ, వాహకత, నైట్రేటు, కోలిఫాం. ప్రతి వరుసలో ఈ నెల విలువ, గత నెల విలువ, నిరుడు ఇదే నెల విలువ, ప్రమాణం. నిరుటి ఇదే నెల గడి కోసం గట్టిగా పట్టుబట్టాం. వాగు ఏప్రిల్ లెక్కతో ఆగస్టు లెక్కను పోల్చి చూస్తే ప్రతి ఏడూ ‘మెరుగుపడినట్టే’ ఉంటుంది. బీడీఎల్ అయితే ఎంతకన్నా తక్కువో రాయాలి, సున్నా వేయకూడదు.

అన్నిటికన్నా పట్టింపుగా పెట్టించిన నియమం ఖాళీ వరుసది. నమూనా తీయని నెలలో కూడా కాగితం రావాలి, ‘తీయలేదు’ అని, కారణంతో: వాగు ఎండింది, వరద, వాహనం లేదు, ల్యాబ్‌లో చెడింది. ఈ నియమం లేకుంటే కాగితం ఆగిపోయిందో, ఆ నెల చెప్పడానికి ఏమీ లేదో తెలీదు. ఎండిన నెలకు కూడా కరిగిన ఆక్సిజన్ అంకె వేసిన పట్టికలు ఈ రంగంలో పనిచేసేవాళ్లెవరైనా చూసే ఉంటారు.

తేదీ: తర్వాతి నెల 15లోగా. బాధ్యత: ఫలానా అధికారి పేరు కాదు, పదవి. మొదట్లో ఒక అధికారి సొంత ఆసక్తితో పంపాడు, ఆయన బదిలీతో రెండు నెలలు కాగితం రాలేదు. ఆ తర్వాతే పదవిని, తేదీని, ప్రతులు ఎవరికి వెళ్లాలో చెప్పే కార్యాలయ ఉత్తర్వు వెలువడింది. మొదటే ఉత్తర్వు అడిగితే ఇచ్చేవారు కాదేమో. కొన్నాళ్లు కాగితం పంపి చూశాక అందులో ప్రమాదం లేదని వాళ్లకే అర్థమైంది.

పంపిణీలో ఒక లోపం తొందరగానే బయటపడింది. మొదట పంచాయతీ ఈమెయిలుకు పంపారు. కార్యదర్శికి మూడు పంచాయతీల పని, ఆ పెట్టె తెరిచేవారే లేరు. ఇప్పుడు కార్యదర్శి ఫోన్‌కు, మత్స్య సంఘానికి, రేషన్ దుకాణం గోడకు వెళ్తోంది. గోడ మీదిది వానకు తడవకుండా ప్లాస్టిక్ తొడుగులో పెడతారు. విలువ ఏదైనా ప్రమాణం దాటిన నెలలో దండోరా వేయించాలని గ్రామసభ తీర్మానం చేసింది.

స్టేషన్ మార్పు వేరే సంగతి. పాత స్టేషన్ ఎత్తేయొద్దని మేమే కోరాం, ఎగువ నీటితో పోల్చడానికి అది కావాలి. కొత్త వంతెన దగ్గర రెండో పాయింటు మొదలైంది. రెండు వరుసలు ఒకే పేజీలో పక్కపక్కన పడ్డాక ఊరివాళ్లు అడిగే ప్రశ్నలే మారిపోయాయి. ‘నీళ్లు చెడ్డవా’ అని అడిగేవాళ్లు ‘ఈ రెండింటి మధ్య ఏం కలిసింది’ అని అడుగుతున్నారు. అవుట్‌లెట్ల రిజిస్టరు ఇప్పుడు అందుకు పనికొస్తోంది.

ఇదే తరహా కేసు చేపట్టేవాళ్లకు

వరస ముఖ్యం. ముందు ఉన్న కాగితాల పేర్లు తెలుసుకోండి, తర్వాత ప్రవహించే నీటి దరఖాస్తు, దాని తర్వాతే అవుట్‌లెట్ దరఖాస్తు. రికార్డులు చూడ్డానికి వెళ్లేటప్పుడు స్థలం ఎరిగిన మనిషిని తప్పక తీసుకెళ్లండి. కమిషన్‌కు వెళ్తే సెక్షన్ 19 మీదే వెళ్లండి, కోరే ఆదేశం మీరే రాసివ్వండి. కార్యాలయంతో మాటలు, అప్పీలు రెండూ ఒకేసారి నడవాలి. ఒకటి ఆపి రెండోది మొదలుపెడితే గడువులు దాటిపోతాయి.

యూనిట్ల గేటు దగ్గర కూడా చూడాల్సింది ఉంది. సీఎఫ్‌ఓ (యూనిట్ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి) ఉత్తర్వుల్లో సాధారణంగా గేటు దగ్గర అందరికీ కనపడేలా 6×4 అడుగుల బోర్డులు రెండు పెట్టాలని షరతు ఉంటుంది. ఉత్పత్తులు, వ్యర్థజలాల ప్రమాణాలు, ప్రమాదకర వ్యర్థాల పరిమాణం, అనుమతి గడువు వాటి మీద ఉండాలి. ఆ బోర్డు ఫొటోను రిజిస్టరులోని షరతుతో పోల్చడం ఒక పూట పని. ఆన్‌లైన్ మీటర్ల లెక్కలను మండలి పోర్టల్‌లో ప్రజలకు కనపడేలా పెట్టాలని పర్యావరణ్ సురక్షా సమితి కేసులో 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పోర్టల్‌లో ఆ క్షణపు అంకె కనిపించినా నిన్నటిది, పోయిన నెలది దించుకునే వీలు ఉందో లేదో చూడండి. లేకుంటే 15 నిమిషాల సగటులు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో చెప్పి, ఎలక్ట్రానిక్ రూపంలోనే అడగండి. కాగితం మీద ఇస్తే వేల పేజీలవుతాయి, పేజీకి 2 రూపాయలు.

ఈ కేసులో మిగిలింది బోర్లు. భూగర్భ జల శాఖ లెక్క ఏడాదికి రెండుసార్లే, పరిశీలక బోరు ఈ మూడు ఊళ్లలో ఒక్కదానిలోనే ఉంది. అదే నమూనా పట్టికతో ఆ శాఖకు దరఖాస్తు వెళ్లింది. వానల తర్వాత తీసే నమూనా ఫలితం ఏ తేదీకి పంచాయతీకి చేరుతుందో రాతపూర్వకంగా చెప్పాలన్నది అందులో మొదటి అంశం. ఆ కాగితం ఇంకా రావాల్సి ఉంది.